రెండో పొగ

కంచరగాడిద కాలు తొక్కితే తప్పు గాడిదది కాదు, తొక్కించుకున్నవాడిది అని బాసూ పెళ్ళికాకముందు నుంచీ ఊరందరికీ చెబుతూ వచ్చాడు. చివరికి ఆ మాట తిరిగి అతనికే తగిలింది. సాయంత్రం నీళ్ళకి తోలుకెళ్ళి తెస్తుంటే గాడిద అతని ఎడమపాదం మీద నిలబడి, తోకతో ఈగలు తోలుకుంటూ తీరిగ్గా కొండవైపు చూసింది. ఇంటికి వచ్చేసరికి పాదం పొంగిన రొట్టెలా ఉంది.

పెళ్ళాం తూదా వేడినీళ్ళలో ఉప్పూ కొండవామూ వేసి అతని కాలు ముంచుతుండగా జైద్ వచ్చాడు. జైద్ బాసూ అన్నకొడుకు. కొండదారుల్లో నడిచేవాళ్ళకి దారి చూపించడం అతని పని. ఆ రోజు అతని వెంట ఫ్రాన్స్ నుంచి ముసలి దంపతులు వచ్చి ఊరి అతిథిగృహంలో దిగారు. తెల్లవారితే వాళ్ళు నక్కల కనుమ దాటి, అవతలి లోయలో తమ్దా ఊరికి చేరాలి. వాళ్ళ సామాను మోసే వంతు బాసూది.

"అయిపోయింది. నీ మాట ప్రకారం తప్పు నీదే బాబాయ్," అన్నాడు జైద్ బేసిన్‌లోకి తొంగిచూసి. "నీ తర్వాతి వంతు మోహాది, వాడికి చెప్పనా రేపటికి?"

"మోహాకి ఇస్తే మళ్ళీ నా వంతు వచ్చేసరికి కనుమ మీద మంచు పడుతుంది."

"మరేం చేస్తావు? నిన్ను కూడా గాడిద మీద వేసుకోమంటావా? సామానుకి చోటుండదు."

"నేను వెళ్తాను," అంది తూదా.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె కాలి మీద నీళ్ళు పోస్తూనే ఉంది.

"ఆడవాళ్ళు గాడిదని తోలుకుని కనుమ దాటడం ఎక్కడైనా ఉందా పిన్నీ?"

"వంతు ఎవరిది? పొగది. మీ బాబాయిది కాదు. ఆ పొయ్యి దగ్గర కూర్చునేది నేనేగా?"

వాళ్ళ ఊరు అజ్గూర్‌లో వంతులన్నీ పొగని బట్టే. కాలవ నీళ్ళకైనా, మేకలు కాయడానికైనా, సామాను మొయ్యడానికైనా పొగకొక వంతు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక పొగ. అన్నదమ్ములు వేరుపడితే పొలంలో గట్టు వెయ్యకముందే వేరే పొయ్యి వెలిగిస్తారు. తెల్లారి ఊరు పైకి చూసి, వాళ్ళ పొగ విడిపోయింది అనుకుంటుంది. ఇక ఆ తర్వాత ఎవరూ కాదనడానికి లేదు. అవతలి లోయలోనూ ఇదే పద్ధతి.

జైద్ వెళ్ళాక బాసూ కాలు నీళ్ళలోంచి తీసి గుడ్డతో తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర కూర్చుని ఉన్ని దువ్వుతున్న కూతురు తిత్రిత్ తల ఎత్తలేదు. ఊరిబడి చదువు పూర్తిచేసిన ఆడపిల్లల్లో పై బడికి పేరొచ్చింది ఆ పిల్లకే. ఆ బడి తమ్దాకి దిగువన సంతపట్నంలో ఉంది. హాస్టల్లో చోటు అయిపోయిందన్నారు. తూదా పుట్టిన ఊరు తమ్దా నుంచయితే పొద్దున్నే వ్యాను వెళుతుంది. వచ్చే సోమవారం బడి తెరుస్తారు.

"అడిగితే మీ అన్న ఒప్పుకుంటాడంటావా?" అన్నాడు బాసూ చివరికి.

"ఎందుకు ఒప్పుకోడు? అమ్మ పోయిన మూడో రోజున పెద్దల ముందు నా వాటా అన్నకే అన్నాను. ఊరికే అన్నానా? వాటా వదిలిన ఆడపిల్లకి తలుపు వదలాలి. అది ఎక్కడైనా ఉన్నదే."

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ తలుపు తట్టావా?"

"ఇప్పుడు తడతాను," అంది తూదా.

తిత్రిత్ చేతిలో ఉన్నిదువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది, ఇంతకుముందు కంటే మెల్లగా.

*

గాడిద మీద బరువు ఎత్తడం బాసూ గోడకి చేరగిలబడి చూశాడు. నోరు ఊరుకోలేదు. "నడికట్టు ఇంకొంచెం బిగించు. ఊపిరి బిగబట్టి మోసం చేస్తుందది. కడుపులో ఒక్కటి పొడువు." తూదా మోకాలితో మెత్తగా పొడిచింది. గాడిద ఊపిరి వదిలింది. ఆమె నడికట్టు ఇంకో రంధ్రం లాగింది. ముసలాయన సంచీ బరువు, ముసలావిడది తేలిక. తేలిక వైపు బుట్టలో తూదా ఒక రాయి వేసింది. ఆ ఫ్రాన్స్ ఆవిడ అది చూసి, తన సంచీలో రాయి పెట్టారని జైద్‌కి చూపించి నవ్వింది. జైద్ వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆవిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచి మళ్ళీ నవ్వింది.

"ఏమన్నావు?" అంది తూదా.

"సంసారం సమంగా నడవాలంటే తేలికైన వైపు ఒక రాయి ఉండాలన్నాను."

"మీ బాబాయి మాట అది."

"అవును. కానీ ఆయనకి ఫ్రెంచ్ రాదుగా."

బయల్దేరే ముందు తూదా నీలం కాయితం చుట్టిన చక్కెరదిమ్మ ఒకటి తన దుప్పట్లో పెట్టి చుట్టింది. ఎవరింటికి వెళ్ళినా చేతిలో చక్కెరదిమ్మ ఉండాలి. పుట్టింటికి తీసుకెళ్ళాలా అక్కర్లేదా అన్నది ఒక్క క్షణం ఆలోచించింది. తొమ్మిదేళ్ళయింది కదా అని పెట్టుకుంది.

అక్రోటు చెట్ల నీడలోంచి దారి పైకి పోయింది. కళ్ళాలు దాటాక చెట్లు పల్చబడ్డాయి. ఆ తర్వాత ఎండిన బార్లీ మళ్ళు, ఆ తర్వాత రాళ్ళు, రాళ్ళ మధ్య ముళ్ళదుబ్బులు, అక్కడక్కడా మెలితిరిగిన ముసలి జునిపెరు మాను. ముసలాయన తన చేతిగడియారం వైపు చూసుకుంటూ నడిచాడు. ఆవిడ ఆగి ప్రతి పువ్వునీ చూసింది. గాడిద ఎవరి కోసమూ ఆగలేదు. తూదా దాని తోక పక్కన నడుస్తూ, "ర్రా, ర్రా," అంటూ వచ్చింది. అనడం అలవాటే గాని, దానికి దారి ఆమె కంటే బాగా తెలుసు.

ఊట దగ్గర మధ్యాహ్నం తిండి. జైద్ టమాటాలు తరిగి, చేపల డబ్బా విప్పి, టీ కాచాడు. గాడిద వీపు మీద జీను తియ్యకుండా నడికట్టు మాత్రం వదులుచేసి, తూదా దాని ముందు బార్లీ పోసింది. తరవాత ఊటలో చేతులు కడుక్కుంటూ ఆగిపోయింది. నీళ్ళు పడే చోట రాయి గుంటలా అరిగి ఉంది. పెళ్ళినాడు తనని ఇక్కడే దింపారు. ముఖం మీద ముసుగు తియ్యకూడదు కనక అన్న హద్దూ దోసిట్లో నీళ్ళు పట్టి ముసుగు కింద నుంచి తాగించాడు. సగం నీళ్ళు మెడ మీదే పోశాడు. "తాగు, తాగు, నీ మొగుడి ఊళ్ళో నీళ్ళు చేదంట," అన్నాడు. ఆమె ఏడుస్తూ నవ్వింది.

"ఏంటి పిన్నీ, నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

"అవే నీళ్ళు," అంది తూదా.

కనుమ మీద గాలి ఎప్పటిలాగే తోసేసింది. ముసలావిడ టోపీ ఎగిరి, జైద్ పరుగెత్తి పట్టుకున్నాడు. తూదా బుట్టలోంచి రాయి తీసి, దాటేవాళ్ళు వేసే రాళ్ళగుట్ట మీద వేసింది. దిగుడులో బరువు ఇటూ అటూ మార్చి కట్టుకోవచ్చు. అప్పుడు తలెత్తి కిందికి చూసింది.

తమ్దా ఎక్కడుందో అక్కడే ఉంది. ఎర్రమట్టి ఇళ్ళు, మెట్లు మెట్లుగా పొలాలు, ఆ పొలాల కింద ఏరు. ఇళ్ళ మీద నుంచి రొట్టెల వేళ పొగలు. పెళ్ళినాడు ఇక్కడే ఆమె ఇక ముందుకి రానని మొండికేసింది. గాడిద తాడు పట్టుకున్న హద్దూ చుట్టుపక్కల ఎవరూ వినకుండా చెవి దగ్గర అన్నాడు. "ఏడవకే. ఎప్పుడు ఇక్కడికొచ్చి చూసినా అమ్మ పొగ కనిపిస్తుంది. చూడు, నేను పొద్దున పెట్టిన పొయ్యి, ఇంకా ఎలా పొగుస్తోందో." నిజంగానే ఆ రోజు వాళ్ళింటి వెనక నుంచి తెల్లగా, దట్టంగా, సిగ్గులేకుండా పొగ లేచింది. హద్దూకి పొయ్యి పెట్టడం ఎప్పుడూ చేతకాలేదు. పచ్చికట్టెలు దోపి ఊరందరి కళ్ళూ మండించేవాడు. అమ్మ తిట్టేది. పెళ్ళిగాడిద మీద కూర్చుని, ఏడుస్తూ ఆమె ఆ పొగని చూసి నవ్వింది.

ఇప్పుడు ఆ ఇంటి ముందువైపు నుంచి ఒక సన్నని పొగ వస్తోంది. వెనకవైపు, అమ్మ గది మీద ఏమీ లేదు.

"ఫోను పలుకుతుంది ఇక్కడ," అన్నాడు జైద్. "తిత్రిత్‌కి చెయ్యమంటావా?"

"వద్దు. చెప్పడానికేముంది ఇంకా?"

*

ఊరిమొదట్లో ఆడవాళ్ళు అక్రోటు కాయలు రాలుస్తున్నారు. పచ్చితోలు రసానికి అందరి చేతులూ మణికట్టుదాకా నల్లగా ఉన్నాయి. గడకర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ గాడిదనీ, దాని వెనక మనిషినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరే అది? ఇత్తో కూతురు కాదూ?"

"నేనే రఖియా పెద్దమ్మా."

"ఓలమ్మో! పుట్టింటికొస్తున్నావా, గాడిద పనికొస్తున్నావా?"

"రెండూనూ."

"రెండూ ఎలా కుదురుతాయే?" అని ముసలమ్మ నవ్వింది గాని, గడకర్ర దింపి ఆమె దాటిపోయేదాకా చూస్తూ నిలబడింది.

హద్దూ ఇల్లు ఆమె ఎరిగిన ఇల్లే గాని, దాని మీద ఇంకో ఇల్లు ఎక్కింది. పైన సిమెంటు అంతస్తు, కిటికీలకి నీలం రంగు, మిద్దె మీద ప్లాస్టిక్ కుర్చీలు. గుమ్మం పక్క అతిథిగృహం అని నాలుగు భాషల్లో బోర్డు. హాలు గోడకి అమ్మ మగ్గం నిలబెట్టి ఉంది. దాని మీద సగం నేసిన కంబళి ఉంది. అది అమ్మ నేసింది కాదు. అప్పటికే అక్కడ బసచేసిన వేరే బృందం వాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

హద్దూ చేతులు చాపుకుంటూ వచ్చి, ముసలి దంపతులకి వాళ్ళ భాషలో స్వాగతం చెప్పాడు. పొట్ట వచ్చింది, గడ్డం నెరిసింది, గొంతు మాత్రం అదే. జైద్‌ని కౌగిలించుకున్నాడు. సామాను దించుతున్న మనిషిని గాడిదకి ఆవలివైపు నుంచి చూసి, "బాసూ, ఆ నీలం సంచీ పైకి..." అని ఆగాడు.

"తూదా!"

"నేనే అన్నా."

అతను గాడిద చుట్టూ తిరిగివచ్చి ఆమె తల ముద్దుపెట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి ముద్దుపెట్టుకుంది. "బాసూ ఏడి?"

"కాలు తొక్కించుకున్నాడు."

"వాడా?" హద్దూ పగలబడి నవ్వాడు. తరవాత హాల్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు గాడిదని తోలుకు రావడమేంటే! ఊళ్ళో నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? సరే, వచ్చావుగా. గదులన్నీ నిండిపోయాయి ఇవ్వాళ. వెనక గాడిదలవాళ్ళ గదిలో సర్దుకో. నీకు తెలియని గదా!"

తెలియని గది కాదు. గాడిదని కొట్టంలో కట్టి, కొయ్యమెట్లెక్కి, వంగి లోపలికి వెళితే ఆ గది అమ్మది. కింద పశువుల వెచ్చదనం ఉంటుందని చలికాలమంతా అందరూ ఇక్కడే పడుకునేవాళ్ళు. పైదూలాలు మసితో నల్లగా మెరుస్తున్నాయి. మూల పొయ్యి ఉన్నచోట సిమెంటు బస్తాలు పేర్చారు. ఖాళీ గ్యాస్ బండలు పెట్టారు. గోడవారగా గాడిదలవాళ్ళకి పల్చటి పరుపులు. పొయ్యి పక్కన గోడ మీద మాత్రం ఒక చోటు మనిషి వీపంత నున్నగా ఉంది. అమ్మ ఆనుకుని కూర్చున్న చోటు. తూదా అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

"ఆడబిడ్డ వస్తే బంగారు కడియాలతో వస్తుందనుకున్నాను, గాడిద తాడుతో వచ్చింది." గుమ్మంలో వదిన ఇజ్జా నిలబడి ఉంది. నడుముకి తువ్వాలు, చేతులనిండా పిండి.

"నీ కడియాలు ఏవి వదినా?"

"పిండిలో ఎక్కడో ఉంటాయి. వెతుక్కో."

తూదా దుప్పటి విప్పి చక్కెరదిమ్మ ఇచ్చింది. ఇజ్జా దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "పుట్టింటికి చుట్టంలా చక్కెర తెచ్చావా? బాగుంది. చుట్టాలకి పెట్టే గదిలోనే పెట్టాం నిన్ను కూడా," అని వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయింది. తిట్టిందో, మరేం చేసిందో తూదాకి తెలియలేదు. ఈ మనిషి మాట కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇంతే, అల్లిక తెలియని ముడి.

దీపాల వేళకి హాల్లో అతిథులకి వడ్డనలు అయ్యాయి. తూదాకి పళ్ళెం పైకే వచ్చింది. వంటకి పెట్టుకున్న పిల్ల తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఇంకా గాడిదలవాళ్ళు వస్తారా?" అని అడిగింది. "నేనొక్కదాన్నే," అంది తూదా.

కాసేపటికి హద్దూ వచ్చాడు. తల వంచి లోపలికి అడుగుపెట్టాడు గాని, కూర్చోలేదు. ఆమె అతన్ని కూర్చోమనలేదు. ఆ ఇంట్లో అతన్ని కూర్చోమనడం తన పనా, తనని కూర్చోమనడం అతని పనా అన్నది ఆమెకి తేలలేదు.

"తిత్రిత్ పై బడికి ఎంపికైంది అన్నా."

"విన్నాను. మంచిదే."

"సంతపట్నంలో హాస్టల్ నిండిపోయింది. ఇక్కడి నుంచి వ్యాను ఉందిగా. నీ దగ్గర ఉంచుకుంటావా? పనీపాటా చేస్తుంది. వదినకి సాయం ఉంటుంది."

హద్దూ గడ్డం గోక్కున్నాడు. "ఈ ఏడు కుదరదే. వచ్చే వసంతం దాకా గదులన్నీ ముందే చెప్పేసుకున్నారు. పైగా దేశదేశాల మగాళ్ళు దిగే ఇల్లు. ఎదిగిన పిల్లని తెచ్చిపెడితే ఊరు నన్నేమంటుంది? రేపు ఏదైనా మాటొస్తే బాసూ ముఖం ఎలా చూడను?"

"బాసూ పంపితేనే వచ్చాను."

"సరే. గది ఏది? చెప్పు, గది ఎక్కడుంది?"

తూదా చుట్టూ చూసింది. "ఇది ఉందిగా."

"ఇదా? ఇది గాడిదలవాళ్ళది." అతను నవ్వబోయి ఆగాడు. "వచ్చే ఏడు చూద్దాంలే. ఇన్షా అల్లా. ఒక్క ఏడు ఆగితే చదువు ఎక్కడికి పోతుంది?"

ఒక్క ఏడు ఇంట్లో ఆగిన పిల్ల మళ్ళీ బడికి వెళ్ళడం తూదా ఎక్కడా చూడలేదు. హద్దూ కూడా చూసి ఉండడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అతను దుప్పటి చాలుతుందా అని అడిగి, వంగి బయటికి వెళ్ళాడు.

*

కోడి కూసే వేళకి తూదా సిమెంటు బస్తాలు ఒక్కొక్కటే అవతలి గోడకి జరిపింది. గ్యాస్ బండలు మెట్ల మీదికి దొర్లించింది. వాటి కింద పొయ్యి ఉంది. మూడు రాళ్ళలో ఒకటి పక్కకి వాలింది, అంతే. దాన్ని సరిగ్గా నిలబెట్టి, బూడిద ఎత్తిపోసి, చేత్తో అడుగు తడిమింది. తరవాత మిద్దె ఎక్కి పొగగూడు మీద కప్పిన రేకు తీసింది. రేకు కింద పిచ్చుకగూడు ఒకటి, ఎప్పుడో వదిలేసింది. దాన్నీ తీసింది. కొట్టం వెనక జునిపెరు పుల్లలు ఏరుకొచ్చింది. అన్నీ సిద్ధమయ్యాయి, నిప్పు తప్ప.

అగ్గిపెట్టె ఆమె జేబులోనే ఉంది. కానీ అగ్గిపుల్లతో వెలిగించింది దొంగనిప్పు అంటారు. వేరుపడే పొయ్యికి నిప్పు పాత పొయ్యి నుంచే రావాలి, ఆ పొయ్యి ఇల్లాలి చేతి మీదుగా రావాలి. ఆ ఇల్లాలు కాదంటే పొగ లేదు. తూదా పెంకు పట్టుకుని మెట్ల మీద కొంచెంసేపు నిలబడింది. తరవాత దిగింది.

ఇజ్జా రొట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంది. వంటపిల్ల ఇంకా లేవలేదు.

"నిప్పు కావాలి వదినా."

"ఎందుకు?"

"జావ కాచుకుంటాను."

"గ్యాస్ ఉంది. అక్కడే కాచుకో."

"గ్యాస్‌కి పొగ రాదు."

ఇజ్జా చేతిలో రొట్టె అలాగే ఉంది. ఆమె తల ఎత్తి తూదా వైపు చూసింది. ఆమె భుజం మీదుగా ఇంటి వెనకవైపు చూసింది. రొట్టెని పొయ్యిలోకి చరిచి, చెయ్యి దులుపుకుంది.

"ఆడది పొగ విడదీసిందని ఎక్కడైనా విన్నావా?"

"లేదు."

"నేనూ వినలేదు." ఇజ్జా నిప్పుకణికలు గరిటెతో కెలికింది. "మా పుట్టింట్లో నా గదిలో గొర్రెల్ని కడుతున్నారు. మొన్న పండక్కి వెళితే, 'అక్కా, పొట్టేలుకి నువ్వంటే భయం, కొంచెం బయట కూర్చో' అన్నాడు మా తమ్ముడు." ఒక్కసారి ముక్కుతో నవ్వింది. గరిటె నిండా ఎర్రటి కణికలు తీసి తూదా పెంకులో పోసింది. మీద ఇంకో గరిటె పోసింది. "మీ అన్న నన్నడిగితే నిద్రలో ఇచ్చానంటాను. బిస్మిల్లా అని పట్టుకుపో, ఆరిపోతుంది."

మెట్లెక్కుతుంటే వెనక నుంచి, "ఆగు," అంది. నీలం కాయితం చింపి, చక్కెరదిమ్మ నుంచి ఒక ముక్క రాయితో కొట్టి తెచ్చి తూదా కొంగులో పడేసింది. "టీ పెట్టుకో. ఉత్త పొయ్యి మంచిది కాదు."

జునిపెరు పుల్లలు చిటపటమని అంటుకున్నాయి. ఆ వాసనకి తూదా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి దూలాల కింద పొగ సుడి తిరిగి, దారి గుర్తొచ్చినట్టు గూడులోంచి పైకి పోతోంది. బార్లీ రవ్వ వేసి, కొండవాము నలిపి, ఉప్పు రాయి ఒకటి వేసి కలుపుతూ కూర్చుంది. వీపు తనకి తెలియకుండానే ఆ నున్నటి చోట ఆనింది.

మొదట వచ్చింది రఖియా పెద్దమ్మ. మెట్ల మీద ఆమె ఆయాసం ముందు వినిపించింది. చంకలో ఒక మోపు ఎండుపుల్లలు. గుమ్మంలో ఆగి, తూదాని చూసి, గోడకి చెయ్యి ఆనించుకుంది.

"ఇత్తో పొగ చూశాను మా మిద్దె మీద నుంచి. కలలో ఉన్నానేమో అనుకున్నానే. కాళ్ళు వాటంతట అవే నడిచాయి." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పొగకి కళ్ళు మండుతున్నాయి, ఏడుపు కాదు. కొత్త పొయ్యికి ఉత్త చేతులతో రాకూడదు. ఇంద, పుల్లలు."

ఆమె వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, నల్లచేతుల్లో అక్రోట్లు పట్టుకుని. ఎవరూ ఏమిటని అడగలేదు. కూర్చున్నారు.

హద్దూ వచ్చిన అడుగుల చప్పుడుకే అతనెలా వస్తున్నాడో అందరికీ తెలిసింది. "ఎవరు పెట్టారిది? ఎవరడిగి..." అంటూ వచ్చి గుమ్మం దగ్గర వంగాల్సి వచ్చింది. వంగి లేచేసరికి ముఖం నిండా పొగ. దగ్గాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు కొంచెం జరిగారు. పొయ్యికి ఎడంవైపు, గుమ్మం పక్కన చోటు ఖాళీ అయింది. చిన్నప్పుడు చలికి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి ఆక్రమించేవాడు ఆ చోటు. అతను అక్కడ కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసినట్టు ఒక్కసారి లేవబోయాడు గాని, అప్పటికే తూదా గిన్నె అందించింది.

అతను అందుకున్నాడు. వేడికి వేళ్ళు మార్చుకుంటూ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. కింద గాడిద గడ్డి నములుతున్న చప్పుడు నేలలోంచి వినిపిస్తోంది. హద్దూ ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"నీకెప్పుడు సరిపోయింది గనక?" అంది రఖియా పెద్దమ్మ. "మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ ఇదే పాట."

అతను నవ్వలేదు. గిన్నె ఖాళీ చేసి, ఇక చాలన్నట్టు బోర్లించకుండా పొయ్యి రాయి పక్కన పెట్టాడు. తూదా వైపు చూడలేదు. "అతిథులు లేచినట్టున్నారు," అని వంగి బయటికి వెళ్ళాడు. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

*

తమ్దా దాటితే సామాను ఆ ఊరి గాడిదలకి మారుతుంది. జైద్ సంచులు ఎత్తించి, పిన్నికి వీడ్కోలు చెప్పాడు. ఫ్రాన్స్ ఆవిడ తన బుట్టలో రాయి లేదేమని సైగ చేసి అడిగింది. తూదా కనుమ వైపు వేలు చూపించింది. ఆవిడ ఆమెని గట్టిగా కౌగిలించుకుంది. హద్దూ ఎక్కడా కనిపించలేదు. ఇజ్జా వంటింట్లోంచి, "దారిలో తిను," అని రొట్టె విసిరింది. అందుకోకపోతే ముఖానికి తగిలేది.

వచ్చేముందు తూదా పొయ్యిలో కణికల మీద బూడిద కప్పి వచ్చింది. ఇంకెవరైనా రేకు మళ్ళీ కప్పొచ్చు, బస్తాలు మళ్ళీ పేర్చొచ్చు. నిప్పు ఇచ్చినావిడ ఇచ్చింది, ఊరు చూసింది. అయినా అన్న నోటి నుంచి మాట రాని ఇంట్లో పిల్లని ఎలా దింపడం? ఎక్కుతున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో. ఉత్త గాడిద హుషారుగా ముందు పోయింది. ఆమె "ర్రా" అనడం కూడా మరిచిపోయింది.

కనుమ మీద గాలికి ముసుగు బిగించి కట్టుకుని, వెనక్కి తిరగాలా వద్దా అని ఆలోచించి, తిరిగింది.

హద్దూ ఇంటి ముందువైపు నుంచి సన్నని పొగ. ఇజ్జా రెండో వాయి రొట్టెలు.

వెనకవైపు నుంచి ఇంకో పొగ. తెల్లగా, దట్టంగా, ముద్దలు ముద్దలుగా లేచి, పక్కిళ్ళ మిద్దెల మీదికి పాకుతోంది. రఖియా పెద్దమ్మ తెచ్చినవి ఎండుపుల్లలు. ఇజ్జా చేతి మంటకి అంత పొగ ఉండదు. అంత పచ్చికట్టె పొయ్యిలో దోపే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే.

తూదా రాళ్ళగుట్ట పక్కన కూర్చుంది. చాలాసేపు చూసింది. తరవాత ముసుగులోంచి ఫోను తీసింది. రెండో మోతకే తిత్రిత్ ఎత్తింది. పొద్దుటి నుంచీ చేతిలోనే పట్టుకుని ఉన్నట్టుంది.

"అమ్మా! మామయ్య ఏమన్నాడు?"

"ఉప్పు తక్కువైందన్నాడు."

"ఏంటి?"

"ఏం లేదు. పుస్తకాలు సర్దుకో," అంది తూదా. "మీ నాన్నని అడిగి ఆ మందం దుప్పటి కూడా పెట్టుకో. కింద గాడిదలు ఉంటాయి, చలి వెయ్యదు గానీ, మీ మామయ్య పొయ్యి వెలిగిస్తే తలుపు తెరుచుకుని కూర్చోవాలి."